అన్నదానం, అన్నవిక్రయం: ఒంగోలు సీమలో బయటి భోజన చరిత్ర

ప్రస్తావన

తెలుగువారి ఆహారంపై జరిగిన పరిశోధన చాలావరకు వంటకాల చుట్టూ తిరిగింది. పూర్వులు ఏమి తిన్నారన్న ప్రశ్నకు కావ్యాలలో, చాటువులలో, నిఘంటువులలో సమాధానాలు వెదికారు. ఇంటి గడప దాటి, డబ్బు చెల్లించి, ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చొని తినడం ఎప్పుడు మొదలైంది, ఎవరు ఆ అన్నం వండి పెట్టారు, వారిని సమాజం ఏమని పిలిచింది అన్న ప్రశ్నలకు అంతటి శ్రద్ధ దక్కలేదు. వంటకం చరిత్ర రుచికి సంబంధించినది. బయటి భోజనం చరిత్ర కులానికి, స్త్రీకి, శ్రమకు, రాజ్యానికి సంబంధించినది.

ఈ పరిశీలనకు ఒంగోలు సీమ తగిన క్షేత్రం. తూర్పున కొత్తపట్నం సముద్రతీరం, పడమట చీమకుర్తి మెట్ట, నడుమ తాలూకా కేంద్రంగా ఎదిగిన ఒంగోలు పట్టణం ఇందులో ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకుంది. ఆ పేరు గల నాయకుడు ఒక పూటకూళ్ళ ఇంటి బిడ్డ. ముఖ్యమంత్రిగా ఆయన ప్రభుత్వం కూలింది మద్యనిషేధం మీద. అన్నం అమ్మడం, కల్లు అమ్మడం అనే రెండు వృత్తులూ ఒకే జీవితంలో ఇలా ఎదురుపడటం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే ఈ ప్రాంతపు బయటి భోజన చరిత్రను చదవడానికి అది ఒక దారి చూపుతుంది.

పదాల సాక్ష్యం

‘పూటకూళ్ళు’ అనే మాటలో పూట, కూడు అనే రెండు పదాలున్నాయి. కూడు అంటే అన్నం, దాని బహువచనం కూళ్ళు. ఔపవిభక్తిక రూపంలో ‘పూటకూటి ఇల్లు’ అవుతుంది. ఇక్కడ అమ్ముడయ్యే కొలత ‘పూట’. ఎన్ని ముద్దలు తిన్నా, ఎన్నిసార్లు మారు వడ్డించుకున్నా ధర ఒక పూటకే. వండే సమయానికి అతిథి రావాలి, వండినది తినాలి. కొనుగోలుదారుడు ఇంటి క్రమానికి లోబడతాడు. అందుకే అది ‘ఇల్లు’ అయింది. వంటగది గృహిణిదే, నట్టిల్లే భోజనశాల.

తరువాత వచ్చిన ‘హోటల్’ అనే మాట తెలుగులోకి వస్తూ అర్థం మార్చుకుంది. ఆంగ్లంలో ప్రధానంగా బస దొరికే చోటును సూచించే ఈ పదం తెలుగులో తినే చోటుకు స్థిరపడింది. కాఫీ హోటల్, భోజన హోటల్, మిలిటరీ హోటల్ అన్న జంటపదాలలో ఎక్కడా పడక ప్రసక్తి లేదు. హోటల్‌లో కొలత పూట కాదు, పదార్థం. ఇడ్లీకి ఒక ధర, దోసెకు ఒక ధర. ఏ వేళనైనా వెళ్ళి, పలక మీద రాసిన పట్టిక చూసి, కావలసినది మాత్రమే అడిగే స్వేచ్ఛ తినేవాడికి వచ్చింది. అయినా మధ్యాహ్న భోజనం దగ్గర పూటకూళ్ళ సంప్రదాయం పూర్తిగా పోలేదు. అడిగినంత అన్నం వడ్డించే ‘ఫుల్ మీల్స్’ పేరుకు ఆంగ్లమే గాని, పద్ధతికి పూటకూడే.

క్రీడాభిరామంలో భోజనశాల

తెలుగులో డబ్బిచ్చి తిన్న భోజనానికి ప్రసిద్ధమైన సాహిత్య సాక్ష్యం ‘క్రీడాభిరామం’. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ ఆధారంగా వినుకొండ వల్లభరాయడి పేరుతో వెలువడిన ఈ వీథి నాటకంలో మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే మిత్రులిద్దరూ ఓరుగల్లు నగరమంతా తిరుగుతారు. ఈ కృతి కర్తృత్వంపై పండితులలో వాదోపవాదాలు నడిచినా, దాని సాంఘిక విలువపై భేదాభిప్రాయం లేదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు అది ఒక ముఖ్యాధారం.

అందులో ఒక పూటకూటి ఇంట రూకకు దొరికే భోజనం వర్ణితమైంది. సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు ఆ విస్తరిలో ఉన్నాయి. పరిశోధకులు సాధారణంగా ఈ పద్యాన్ని వంటకాల జాబితాగా చదివారు. దానిలో మరి రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, కవి ధరను కూడా పద్యంలో చేర్చాడు. భోజనం ఎంత గొప్పదో చెప్పడానికి దాని వెల ఒక కొలమానమైంది. అన్నాన్ని అమ్మడం ఇక్కడ దోషంగా ధ్వనించదు. రెండవది, కవి ఆ ఇంటి యజమాని పేరు చెప్పాడు. లక్ష్మణవజ్ఝల ఇల్లు అనగానే నగరంలో తిరిగేవారికి గుర్తుండేంత పేరు ఆ భోజనశాలకు ఉందని కృతి సూచిస్తోంది. తినుబండారానికి, ధరకు, అమ్మకందారుకు ముగ్గురికీ పద్యంలో స్థానం దక్కింది. ఐదు శతాబ్దాల తరువాతి సాహిత్యంలో ఈ మూడవ స్థానం ఖాళీ అయింది.

సత్రం, దాత, యాత్రికుడు

అన్నం అమ్మడం తప్పన్న భావనకు బలమైన మూలం అన్నదాన సంప్రదాయంలో ఉంది. ధర్మశాస్త్ర దృష్టిలో అన్నదానం దానాలలో ఉత్తమమైనది. ఆ గౌరవానికి మరో ముఖం అన్నవిక్రయంపై నింద. దానమైతే పుణ్యం, అమ్మకమైతే పాపం అన్న ఈ విభజనలో వంట చేసిన చెయ్యి ఒకటే, విస్తరి ఒకటే, ఆకలి ఒకటే. మధ్యలో చేతులు మారిన రూకే తేడా. ‘పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా’ అన్న సామెత ఈ విభజనను ఒక్క వాక్యంలో స్థిరపరిచింది.

సత్రాలు ఈ సంప్రదాయానికి సంస్థారూపం. దారి పొడవునా ధర్మసత్రాలు బస, కొన్నిచోట్ల భోజనం ఇచ్చాయి. అయితే ఉచిత భోజనం అందరికీ సమానంగా అందలేదు. వంట, పంక్తి బ్రాహ్మణులకు పరిమితమైన సత్రాలు అనేకం. మిగిలిన యాత్రికులకు మూడు రాళ్ళ పొయ్యి, మూటలోని బియ్యమే శరణ్యం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన కాశీయాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1838లో అచ్చయిన ఆ యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి బస దొరుకుతుందా, అంగళ్ళున్నాయా, వంట సామగ్రి లభిస్తుందా అన్న వివరాలు విసుగు లేకుండా నమోదయ్యాయి. ఆయన పెద్ద పరివారంతో, వంటవారితో ప్రయాణించాడు. స్థితిమంతుడైన యాత్రికుడు బయటి భోజనం కొనడు, తన వంటిల్లును తన వెంట తీసుకుపోతాడు. కొనుక్కొని తినవలసిన అవసరం పరివారం లేనివాడిది.

దాతలలో తెలుగుదేశం నిత్యం స్మరించుకునే పేరు డొక్కా సీతమ్మ. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆమె గోదావరి లంకలలోని లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన వారికి కూడా వండి పెట్టి ‘అపర అన్నపూర్ణ’ అనిపించుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె జీవించిన కాలంలోనే అదే వంటపనిని బతుకుతెరువుగా చేసుకున్న స్త్రీలు తెలుగు పట్టణాలలో ఎందరో ఉన్నారు. వారికి మిగిలినది ఒక జాతివాచకం మాత్రమే.

పేరు లేని పూటకూళ్ళమ్మ

ఆ జాతివాచకాన్ని తెలుగు సాహిత్యంలో శాశ్వతం చేసిన రచన ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన ఈ నాటకంలో పూటకూళ్ళమ్మకు వేరే పేరు లేదు. గిరీశంతో ఆమెకు గల సంబంధం, చీపురు పట్టుకొని మధురవాణి ఇంటికి ఆమె రావడం ప్రేక్షకుడికి హాస్యంగానే గుర్తుంటాయి. నాటకం మొదట్లోనే గిరీశం స్వగతంలో మరో విషయం బయటపడుతుంది. సంతలో సరుకులు కొనిపెడతానని ఆమె దగ్గర 20 రూపాయలు తీసుకొని అతడు వేశ్య కోసం ఖర్చు చేశాడు.

ఈ 20 రూపాయలను సాంఘిక చరిత్ర దృష్టితో చూస్తే పాత్ర మారిపోతుంది. సంతలో ఒక్కసారిగా సరుకు కొనడానికి నగదు వెచ్చించగల స్త్రీ ఆమె. అంటే ఆమెకు పెట్టుబడి ఉంది, రాబడి అంచనా ఉంది, మగ మధ్యవర్తి మీద ఆధారపడక తప్పని పరిమితి కూడా ఉంది. ఆమె కోపం ప్రియుడి ద్రోహానికి ఎంతో, వ్యాపార నష్టానికీ అంతే. గురజాడ ఆమెకు పేరు పెట్టకపోవడం లోకరీతికి అద్దం పట్టడమే. లోకం ఆమెను వృత్తితో పిలిచింది, నాటకం ఆ పిలుపునే నిలుపుకుంది. ఆ పిలుపుకు తగిలించిన తిట్టుమాట నాటక సంభాషణలలో ఎంత అలవోకగా దొర్లుతుందో గమనిస్తే, వైధవ్యం, వృత్తి రెండూ కలిసి ఒకే నిందగా మారిన తీరు తెలుస్తుంది.

వితంతువులు ఈ వృత్తికే రావడానికి ఆర్థిక, ఆచార కారణాలు రెండూ ఉన్నాయి. హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది 1937లో. అంతకు ముందు ఉమ్మడి కుటుంబంలోని వితంతువుకు సాధారణంగా దక్కినది మనోవర్తి మాత్రమే. అదీ మరుదుల దయ మీద ఆధారపడేది. 1856 చట్టం పునర్వివాహాన్ని న్యాయసమ్మతం చేసినా, 1881లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినా, అగ్రవర్ణాల లోగిళ్ళలో అది అరుదైన ఘటనగానే ఉండిపోయింది. ఆమెకు తెలిసిన పని వంట. మడి కట్టి వండిన బ్రాహ్మణ స్త్రీ వంటను ఏ కులంవారైనా తినవచ్చునన్నది ఆనాటి కట్టుబాటు. ఎదురొస్తే అపశకునమనుకున్న స్త్రీ చేతి వంట మాత్రం అందరికీ శుచిగా తోచింది. పూటకూళ్ళ ఇల్లు ఈ వైరుధ్యం మీద నిలిచిన వ్యాపారం.

ఒంగోలులో సుబ్బమ్మ

ఈ నేపథ్యంలో టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ జీవితం సాహిత్య కల్పనకు ఎదురుగా నిలిచే చారిత్రక సాక్ష్యం. ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించాడు. ఆయన పదకొండు, పన్నెండేళ్ళ వయసులో తండ్రి గోపాలకృష్ణయ్య మరణించాడు. పిల్లలతో మిగిలిన సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపింది. తాలూకా కచేరీ, న్యాయస్థానం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాల గల ఆ పట్టణంలో ఇల్లు విడిచి వచ్చి పూటకు అన్నం కొనుక్కోవలసిన మనుషులు ఎప్పుడూ ఉండేవారు. వ్యాజ్యాలకు వచ్చే రైతులు, చిరుద్యోగులు, చదువుకొనే పిల్లలు ఆ తరహా ఇళ్ళకు ఆధారం.

ఆ వృత్తిని ఆనాటి సమాజం చిన్నచూపు చూసింది. అయినా కొడుకు చదువు ఆ విస్తళ్ళ మీద నడిచింది. గణితోపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేరదీసి రాజమహేంద్రవరం తీసుకుపోయేదాకా ఒంగోలులో ఆయనను నిలిపినది తల్లి కష్టమే. ఆ కుర్రవాడు న్యాయవాది అయ్యాడు, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యాడు, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ఆయన తల్లి పూటకూళ్ళ వృత్తిని మరుగుపరచలేదు. తెలుగు స్వీయచరిత్రలలో వంశప్రశస్తితో మొదలుపెట్టే ఆనవాయితీ బలంగా ఉన్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. పూటకూళ్ళమ్మ అన్న జాతివాచకం వెనుక సుబ్బమ్మ అనే నామవాచకం ఉందని ఆ పుస్తకం వల్ల చరిత్రకు తెలిసింది.

అయినా ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సుబ్బమ్మ గుర్తుండిపోవడానికి కారణం ఆమె కొడుకు. ముఖ్యమంత్రులు కాని కొడుకులను, కొడుకులే లేని స్త్రీలను ఏ ఆత్మకథా నమోదు చేయలేదు. అందువల్ల ఆమెను అసాధారణ మాతృమూర్తిగా కీర్తించడం కంటే, ఒక విస్తృతమైన వృత్తివర్గానికి దొరికిన ఒక్క ప్రతినిధిగా చదవడం చరిత్రరచనకు మేలు.

పంక్తి నుంచి బల్ల దాకా

1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం పూర్తయి ఒంగోలు మీదుగా బండ్లు నడిచాక ప్రయాణికుడి స్వభావం మారింది. ఎడ్లబండి మజిలీకి ఆగినట్లు రైలు ఆగదు. వంట సామగ్రి విప్పే వ్యవధి లేదు. స్టేషను, దాని ఎదుటి వీధి కొత్త తిండి కేంద్రాలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో తీరాంధ్ర పట్టణాలకు కాఫీ వ్యాపించింది. కన్నడ తీరం నుంచి వచ్చిన ఉడిపి బ్రాహ్మణులు, స్థానిక బ్రాహ్మణులు నడిపిన కాఫీ హోటళ్ళు బజారులో వెలిశాయి. వంటపని ఇంటి నుంచి బజారుకు మారగానే యజమాని పురుషుడయ్యాడు. పొయ్యి దగ్గర, వడ్డన దగ్గర, గల్లాపెట్టె దగ్గర పురుషులే కనిపించారు. పూటకూళ్ళమ్మ ఇంటికే పరిమితమై క్రమంగా మరుగున పడింది. ఆమెపై ఉన్న నింద హోటలు యజమానికి అంటలేదు. అన్నం అమ్మడమే దోషమైతే అది ఇద్దరికీ సమానంగా వర్తించాలి. వర్తించలేదు కనుక, అసలు నింద అమ్మకం మీద కాక అమ్మిన స్త్రీ మీద ఉన్నదని చెప్పవచ్చు.

హోటలు బల్ల కులాన్ని వెంటనే చెరపలేదు. బ్రాహ్మణులకు ప్రత్యేక గదులు, ‘బ్రాహ్మణ భోజనశాల’ అన్న బోర్డులు మద్రాసు రాష్ట్రమంతటా ఉండేవి. రైల్వే ఫలహారశాలలలో బ్రాహ్మణులకు, ఇతరులకు వేరుగా ఉన్న ఏర్పాట్లు పెరియార్ ఈ.వె. రామస్వామి అనుయాయుల ఆందోళన తరువాత 1941లో రద్దయ్యాయి. దళితులకైతే గది వేరు కావడం కాదు, గడపే నిషిద్ధం. భారత రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలను, భోజనశాలలను, హోటళ్ళను పేరు పెట్టి ప్రస్తావించి, కులం కారణంగా ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారినది, భోజనశాలలలోని పాత్రల వాడకాన్ని కూడా విడిగా పేర్కొంది. శాసనకర్తలు గ్లాసు దాకా వెళ్ళి చట్టం రాయవలసి వచ్చిందంటే టీ బంకు ఎంతటి సామాజిక రణరంగమో ఊహించవచ్చు. చట్టం వచ్చాక కూడా కోస్తా గ్రామాలలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల తరబడి కొనసాగింది. దానిపై పోరాటం ఈ ప్రాంతపు దళితోద్యమ కార్యక్రమంలో భాగమైంది.

మాంసాహార భోజనశాలలకు ‘మిలిటరీ హోటల్’ అన్న పేరు స్థిరపడింది. శాకాహార హోటలుకు విశేషణం అక్కరలేదు, అది కేవలం హోటల్. మాంసం పెట్టేదానికి మాత్రం విశేషణం కావాలి. జనాభాలో అధికులు తినే ఆహారం భాషలో మినహాయింపుగా నమోదు కావడం, తొలి హోటళ్ళు ఎవరి ఆచారాన్ని ప్రమాణంగా తీసుకున్నాయో చెబుతుంది.

మెట్ట ప్రాంతానికి హోటలు మరో మార్పు తెచ్చింది. చీమకుర్తి, పొదిలి వైపు జొన్న, సజ్జ, వరిగ పండే పల్లెలలో వరి అన్నం పండుగనాటి భోజనం. వ్యాజ్యానికో సంతకో ఒంగోలు వచ్చిన మెట్ట రైతు హోటలులో తిన్నది వరి అన్నం. 1967లో నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీరు వదలడం, ఆ నీరు ఈ వైపు చేరడం, 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం రావడం జరిగాక ఇళ్ళలోనూ వరి అన్నమే నిత్యాన్నమైంది. పల్లె నాలుకకు హోటలు ముందుగా రుచి చూపింది, కాలువ, చౌకధరల దుకాణం ఆ రుచిని ఇంటికి తెచ్చాయి.

కల్లు, సారా, బార్

బయట తినడంతో పాటు బయట తాగడం కూడా ఈ చరిత్రలో భాగమే. తాటి, ఈత చెట్లున్న తీరప్రాంతంలో కల్లుపాక పాతకాలపు సమావేశస్థలం. పనివాడు కల్లుతో పాటు నంజుకు వేయించిన శనగలో, చేప ముక్కో తిని అలసట తీర్చుకున్నాడు. వలసప్రభుత్వానికి అది ఆబ్కారీ ఆదాయం, జాతీయోద్యమానికి నైతిక సమస్య. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. కొత్తగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి ఆ చట్టం వారసత్వంగా వచ్చింది.

చట్టం వల్ల బతుకుతెరువు కోల్పోయినవారు గీత కార్మికులు. గౌతు లచ్చన్న నాయకత్వంలో వారి ఆందోళన బలపడింది. విధానాన్ని సమీక్షించడానికి నియమించిన రామమూర్తి కమిటీ మద్యనిషేధం కొనసాగింపునకు అనుకూలంగా లేదు. ఆ సిఫార్సులపై ప్రభుత్వ వైఖరి వివాదమై, 1954 నవంబరులో శాసనసభలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మద్యనిషేధాన్ని జాతీయోద్యమ వాగ్దానంగా చూసినవారికి గీత కార్మికుడు ఒక నీతికి అడ్డు. ఆ కార్మికుడికి అది కుటుంబం పోషించుకొనే వృత్తి. ఒకనాడు పూటకూళ్ళ వృత్తిపై లోకం వేసిన నైతిక ముద్రకు, కల్లుగీత వృత్తిపై రాజ్యం వేసిన చట్టపు ముద్రకు పోలిక ఉంది. రెండు సందర్భాలలోనూ కొనేవాడి కంటే అమ్మేవాడు దోషి.

నాలుగు దశాబ్దాల తరువాత ఈ సమీకరణం తిరగబడింది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పథకం ద్వారా సారాను పొట్లాలలో ఊరూరా అందుబాటులోకి తెచ్చింది. అక్షరాస్యతా తరగతులలో చదువుకున్న నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం పొరుగునున్న ప్రకాశం జిల్లాకు, ఆపై రాష్ట్రమంతటికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తివేశారు. ఈసారి నిందకు గురైనది గీత కార్మికుడు కాదు, కాంట్రాక్టరు, ఖజానా. కూలి డబ్బు బియ్యానికి పోవాలా, సారాకు పోవాలా అన్నది స్త్రీలు లేవనెత్తిన ప్రశ్న. ఇంటి విస్తరి పక్షాన రాజ్యాన్ని నిలదీసిన చారిత్రక సందర్భమది.

నిషేధం తరువాతి దశలో ‘బార్ అండ్ రెస్టారెంట్’ అన్న జంటపదం ప్రతి పట్టణంలో బోర్డెక్కింది. దుకాణానికి అనుబంధమైన ‘పర్మిట్ రూమ్’ చట్టం సృష్టించిన మాట. నిలబడి తాగిపోయేవాడి గది అది. దానిని 2019లో తొలగించారు. హైదరాబాదు, విశాఖపట్నాలలో పబ్బులు ఉద్యోగ యువతకు కాలక్షేప స్థలాలయ్యాయి. చిన్న పట్టణాలలో మాత్రం తాగే చోటు ఇప్పటికీ పురుషుడిదే. భోజనశాలలో స్త్రీకి చోటు దొరికిన తీరు కూడా గమనించదగినది. ‘ఫ్యామిలీ రూమ్’ అన్న తెర వెనుక భాగంగా ఆ చోటు మొదలైంది. స్త్రీ ఒంటరిగా కాక కుటుంబంలో భాగంగా వస్తుందన్న అంచనా ఆ పేరులోనే ఉంది. వండి అమ్మిన స్త్రీని బజారు మరచిపోయింది, కొని తినే స్త్రీని ఆలస్యంగా, తెర చాటున అంగీకరించింది.

నేటి చీమకుర్తి

ఒంగోలుకు పడమట 20 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు రోడ్డు మీద ఉన్న చీమకుర్తి నల్ల గ్రానైటు వల్ల ప్రపంచానికి తెలిసింది. నల్లని రాతిలో నక్షత్రాల వలె మెరిసే ‘బ్లాక్ గెలాక్సీ’ రాయికి ఈ ఊరే పుట్టినిల్లు. క్వారీలు, రాళ్ళు కోసి మెరుగుపెట్టే కర్మాగారాలు పెరిగాక ఒడిశా, బీహారు, రాజస్థాన్ తదితర ప్రాంతాల నుంచి కార్మికులు వచ్చారు. ఇల్లు వెంట తెచ్చుకోలేని జనం ఎక్కడ గుమిగూడితే అక్కడ అన్నం అమ్మకానికి వస్తుంది. ఒకనాడు కచేరీ, రైలు చేసిన పనిని ఇక్కడ క్వారీ చేసింది. రోడ్డు పక్క డాబాలలో రొట్టె, మెస్సులలో అన్నం, తెల్లవారుజామున టిఫిన్ బండ్ల మీద ఇడ్లీ దొరకడం ఈ శ్రమ వేళలకు తగిన ఏర్పాటు.

ఈ చిన్న వ్యాపారాలలో స్త్రీ మళ్ళీ కనిపిస్తోంది. దోసెల బండి, ఇంటి ముంగిటి మెస్సు, ఉడికిన కూరలు పొట్లాలు కట్టి అమ్మే కర్రీ పాయింటు తెలుగు పట్టణాలన్నింటిలోనూ స్త్రీలకు, వారి కుటుంబాలకు ఉపాధి మార్గాలు. కర్రీ పాయింటు చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు. అన్నం ఇంట్లో వండుకొని కూర బయట కొనడం దాని సూత్రం. అంటే బయటి భోజనం తినేవాడిని బయటికి రప్పించడం మాని తానే ఇంట్లోకి వచ్చింది. ‘పూటకు ఇంత’ అన్న నెలవారీ మెస్సు ఖాతా పాత పూటకూళ్ళ లెక్కకు వారసురాలు. మాట మారింది గనుక నింద అంటలేదు. నేడు ఎవరూ మెస్సు నడిపే స్త్రీని పూటకూళ్ళమ్మ అనరు.

దానానికి, విక్రయానికి మధ్య గీత కూడా చెరిగిపోతోంది. 2018 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో భోజనం ధర 5 రూపాయలు. అది వండిన ఖర్చుకు సరిపోదు కనుక పూర్తి విక్రయం కాదు. తినేవాడు చెల్లిస్తాడు కనుక పూర్తి దానమూ కాదు. ఆ నాణెం తినేవాడిని యాచకుడి స్థానం నుంచి కొనుగోలుదారు స్థానానికి మారుస్తుంది. వరుసలో ముందెవరు, వెనుకెవరు అన్నది టోకెను నిర్ణయిస్తుంది. సత్రంలో కులం బట్టి పంక్తి ఉండేది, ఇక్కడ వచ్చిన వేళను బట్టి వరుస. అన్నానికి వెల కట్టడం పాపమన్న పాత భావనకు ఇది బలమైన ప్రతివాదం.

ఉపసంహారం

ఒంగోలు సీమ బయటి భోజన చరిత్రను ఈ క్రమంలో చూసినప్పుడు మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, అన్నవిక్రయంపై నింద అన్ని కాలాలలో, అందరిపై ఒకేలా లేదు. క్రీడాభిరామంలో అమ్మినవాడి పేరు కీర్తితో నిలిచింది. పందొమ్మిదవ శతాబ్దపు వితంతువు విషయంలో అదే వృత్తి తిట్టయింది. పురుషుడి చేతికి వచ్చి హోటలు అయ్యాక మళ్ళీ గౌరవనీయమైన వ్యాపారమైంది. రెండవది, డబ్బు తీసుకొని పెట్టిన అన్నం ఉచితాన్నం కంటే ఎక్కువమందిని, ఎక్కువ కులాలవారిని ఒక చోట కూర్చోబెట్టింది. ఆ సహపంక్తి దానంతట అది రాలేదు. ఉద్యమాలు, చట్టాలు, గ్లాసు కోసం జరిగిన పోరాటాలు దాన్ని సాధించాయి. మూడవది, తిండి, తాగుడు రెండింటిలోనూ రాజ్యం నీతి పేరుతో జోక్యం చేసుకున్నప్పుడల్లా భారం ముందుగా చిన్న అమ్మకందారు మీద పడింది. సారా ఉద్యమం ఆ భారాన్ని ఖజానా వైపు తిప్పగలిగింది కనుకనే అది చరిత్రలో ప్రత్యేకమైనది.

ఈ చరిత్రకు ఆధారాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. కావ్యంలో ఒక పద్యం, నాటకంలో ఒక స్వగతం, ఆత్మకథలో కొన్ని పుటలు, చట్టంలో ఒక అధికరణం, సామెత ఒకటి. పూటకూళ్ళ ఇళ్ళు లెక్కల పుస్తకాలు దాచలేదు, శాసనాలు వేయించలేదు. సత్రం కట్టించిన దాత పేరు రాతిమీద ఉంది. అదే వీధిలో రెండు పూటలా పొగలో కూర్చొని వండి, ఆ రాబడితో పిల్లలను చదివించిన స్త్రీ పేరు ఎక్కడా లేదు. వ్యాజ్యాల దస్త్రాలు, పురపాలక అనుమతి పుస్తకాలు, స్వీయచరిత్రలు, వృద్ధుల మౌఖిక కథనాలు కలిపి చదివితే ఒంగోలు, చీరాల, గుంటూరు, నెల్లూరు వంటి పట్టణాలలోని మరి కొందరు సుబ్బమ్మలను గుర్తించే అవకాశముంది. తెలుగు సాంఘిక చరిత్ర రచన వంటకాల పేర్లను జాగ్రత్తగా సేకరించింది. వండి అమ్మినవారి పేర్లను సేకరించవలసి ఉంది.